నాలుగు కాళ్ల కొర్రమట్ట

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని వాదించే మొండివాళ్లను మీరు చూసే ఉంటారు. నేను వాళ్లకంటే ఒక మెట్టు పైన. నేను పట్టిన చేపకు నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, మెడలో ఒక పలుపుతాడు కూడా ఉన్నాయి. పైగా దాన్ని నేను పట్టానని మా చుట్టాలందరికీ ఫోన్లో చూపించి మరీ చెప్పుకున్నాను. ఇది జరిగి ఆరేళ్లవుతోంది. ఇప్పటికీ మోర్తాడ్‌లో మా బావ ఇంటికి పోతే, పక్కింటివాళ్లు నన్ను చూసి "శాపలాయన వచ్చిండు" అంటారు.

ముందు మా ఇంటి ఆచారం చెప్పాలి, లేకపోతే నా గొప్పతనం మీకు అర్థం కాదు. మాది బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో ఒక పల్లె. పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాడు, మా దగ్గర పోయిన పెద్దలకు పెడతారు. వాళ్లకేది ఇష్టమో అది వండి, ఆకులో వడ్డించి, పొద్దు నడినెత్తికి వచ్చేలోగా మిద్దె మీద పెడతారు. కాకి ముట్టాక ఇంట్లోవాళ్లు తింటారు. కొన్ని ఇండ్లల్లో మేకమాంసం, కొన్ని ఇండ్లల్లో కోడి. మా ఇంట్లో మాత్రం కొర్రమట్ట పులుసు. ఆ నల్లటి, పాము తలకాయ చేప అంగట్లో కొన్నది కాకూడదు. గోదావరి చేప కావాలి, ఇంటి మగపిల్లవాడు ఒడ్డున కూచుని తన చేత్తో గాలం వేసి పట్టింది కావాలి. మా ముత్తాత నాటి నుంచీ ఇదే పద్ధతి అని మా బాపు చెప్పేవాడు.

బాపు చెరుకు రైతు. ఏడాది పొడవునా గాలం ముట్టేవాడు కాదు. పెత్రమాస పొద్దున మాత్రం వెదురు గాలం, తువ్వాల, ఒక సంచి తీసుకొని సైకిలెక్కి గోదావరికి పోయేవాడు. మధ్యాహ్నం లోపు వెనక వాకిట్లోంచి వచ్చేవాడు. కాసేపటికే ఇల్లంతా పులుసు వాసన. చేపను కడిగే దగ్గరికి పిల్లలం పోకూడదు, దిష్టి తగులుతుందట. నేనూ నీ వెంట వస్తానని ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు. "నువ్వు లొడలొడ మాట్లాడుతవ్ బిడ్డా, శాపలు వోతయ్" అనేవాడు. ఆ మాట నిజమే కాబట్టి నేను ఊరుకునేవాణ్ణి.

బాపు పోయాడు. ఏడాది దాటాక వచ్చిన మొదటి పెత్రమాసకు పెద్దల వరసలో ఆయనే ఉన్నాడు. గాలం వేయాల్సిన మగపిల్లవాణ్ణి నేను. అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు, నిజామాబాద్‌లో ఒక విత్తనాల దుకాణంలో పని. బాపు బతికుండగా ఆయన కోసం నేను పెద్దగా చేసిందేమీ లేదు. కనీసం ఆయన మొదటి ఆకులో నా చేత్తో పట్టిన ఒక్క చేప ముక్కన్నా ఉండాలని గట్టిగా అనుకున్నాను. ఇందులో నవ్వే సంగతి ఏమీ లేదు. నవ్వు నా తెలివి దగ్గర మొదలవుతుంది.

ఏం చేశానంటారా? ఫోన్లో వీడియోలు చూశాను. ఏ దేశం వాళ్లో తెలియదు, మోకాళ్ల దాకా బూట్లు వేసుకొని, ఒడ్డున నిలబడి, చెయ్యి ఇలా విసిరి అలా తిప్పితే చంటిపిల్లంత చేప ఎగిరొచ్చి ఒళ్లో పడుతుంది. రెండు వారాలు రాత్రీపగలూ అవే చూశాను. అచ్చం అలాంటి గాలమే తెప్పించాను. మడిస్తే సంచిలో పడుతుంది, విప్పితే ఆరడుగులు. దారం చుట్టుకునే చక్రం ఒకటి, దాన్ని తిప్పితే కీర్‌ర్‌ర్ అని చప్పుడు. ఎరలకు బదులు పన్నెండు రబ్బరు కప్పలు. దుకాణంలో గిరాకీ లేనప్పుడు యూరియా బస్తాల మీదికి గాలం విసిరి సాధన కూడా చేశాను. బస్తాలు బాగానే పడ్డాయి.

పెత్రమాస పొద్దున మా అవ్వ, అంటే అమ్మ, గోడకున్న వెదురు గాలం తీసి చేతికిచ్చింది.

"మీ బాపుది తీస్కపో బిడ్డా."

"గా వెదురు కట్టెతోని ఈ కాలంల ఎవలు వడ్తరే అవ్వా?"

అవ్వ గాలాన్ని మళ్లీ గోడకే పెట్టింది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

"గొడుగన్న వట్టుకపో. ఉత్తర కార్తె, మొగులును నమ్మద్దు."

"ఫోన్ల ఎండ అని సూపెట్టింది."

మా బావ సాయిలు అక్కను తీసుకొని ముందురోజే మోర్తాడ్ నుంచి వచ్చాడు. పసుపు పండించే మనిషి. తొమ్మిది నెలలు భూమిలో ఏమవుతోందో తెలియకుండా కూచునే ఓపిక ఆయనది. బండి వెనక కూచుంటూ నా సంచి వైపు చూసి, "కూట్ల రాయి తియ్యలేనోడు ఏట్ల రాయి తీస్తడా అంటరు, యాదికుందా బామ్మర్దీ?" అన్నాడు. నాకు నిజంగానే చేపలో ముల్లు తీసుకోవడం సరిగా రాదు. అందుకే బండి స్టార్ట్ చేశాను.

బాపు కూచునే చోటు నాకు తెలుసు. గట్టు దిగితే ఒక తుమ్మచెట్టు, ముందర తుంగ బలిసిన మడుగులాంటి చోటు, దాని వెనక నిండుగా గోదావరి. ఎండ బ్రహ్మాండంగా ఉంది. బూట్లు లేవు కాబట్టి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వీడియోలో లాగే చెయ్యి విసిరాను. కప్ప పోయి వెనకున్న తుమ్మకొమ్మకు తగులుకుంది. రెండోసారి విసిరాను. వెనక నుంచి కేక వినిపించింది.

"బామ్మర్దీ, నేను కొర్రమట్టను కాదురా! అంగీ ఇడువు!"

మూడోసారికి కప్ప నీళ్లలో పడింది. ఆ సంతోషంలో చేప సంగతే మరిచిపోయాను. ఆ తరవాత మొదలైంది అసలు కథ, అంటే ఏమీ జరగకపోవడం. కప్పను విసరడం, తిప్పడం, ఉత్త కప్పను తీసుకోవడం. ఎండ మాడ్చింది. ఎక్కడి నుంచో మబ్బు వచ్చి నాలుగు చినుకులు రాల్చి పోయింది. మళ్లీ ఎండ, ఒళ్లంతా ఉడుకు. ఆ వెంటనే గాలి లేచి, విసిరిన కప్పను తెచ్చి నా కాళ్ల దగ్గరే పడేసింది. ఉత్తర చూసి ఎత్తరా గంప అన్నారు పెద్దలు. ఎత్తరా గాలం అని బావ నాకు వినపడేటట్టు గొణుగుతున్నాడు.

ఆ గాలిలో కాసేపు గాలం పక్కన పెట్టి కూచున్నాను. నీళ్ల మీద మబ్బు నీడ పోతోంది. బాపు ఇక్కడే కదా కూచునేవాడు అనిపించింది. ఏడాదంతా చెరుకు, కరెంటు, నీళ్లు, బిడ్డ పెండ్లి అని పరుగెత్తిన మనిషికి ఈ ఒక్క పూట ఎలా ఉండేదో నేనెప్పుడూ అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఫోన్లో టైం చూశాను, పదిన్నర. ఇంకో గంటన్నరలో ఆకు పెట్టాలి. లేచి, నా దగ్గరున్న వాటిలో పెద్ద కప్పను కట్టి, ఉన్న బలమంతా పెట్టి తుంగ అవతలికి విసిరాను.

సరిగ్గా అప్పుడే ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. ఎదురుగా నది లేదు, తుంగ లేదు, అంతా తెల్లగా తెర దించినట్టుంది. దారం వెనక్కి లాగబోతే కదల్లేదు. గట్టిగా లాగాను. అవతలి నుంచి ఎవరో అంతకంటే గట్టిగా లాగారు. కీర్‌ర్‌ర్‌ర్!

"వడ్డది బావా! వడ్డది!"

"ఏం వడ్డది? పిడుగా?"

"శాప! శాప వడ్డది!"

బావ పరుగెత్తుకొచ్చాడు. నేను తిప్పుతున్నాను, అది తీసుకుంటోంది. దారం ఎడమకు పోయింది, కుడికి వచ్చింది, మళ్లీ మెల్లగా ఎడమకు పోయింది. బావ కాసేపు చూసి అన్నాడు.

"బామ్మర్దీ, శాపన్నంక కొట్టుకోవాలె గద. గిదేంది, గింత నిమ్మలంగ నడుస్తున్నది?"

"చిన్నయే గుంజులాడుతయ్ బావా. పెద్దయి పెద్దమనుషుల లెక్క ఉంటయ్."

"ఎంతుంటది?"

"అయిదు కిలోలు." దారం మళ్లీ సాగింది. "కాదు, పది."

పది అనేసరికి నా బుర్ర పని చేయడం మానేసింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, నేను సోమలింగానికి బారసాల పెట్టే దాకా పోయాను. "బావా, ఇంటికి వీడియో కలుపు! అందరికి సూపెట్టు!" అన్నాను. బావ తువ్వాల చాటు చేసి ఫోన్ పట్టాడు. అవతల మా అవ్వ నొసలు మాత్రమే కనపడుతోంది.

"ఏమైంది బిడ్డా? తడుస్తున్నవా?"

"దొర్కింది అవ్వా! కొర్రమట్ట! బాపు గూడ గింత పెద్దది పట్టలే! శింతపండు నానబెట్టు!"

ఫోన్లో ఆ నొసలు ముడుచుకుంది.

"నిజంగ దొర్కిందా?" అంది అవ్వ.

"నిజంగనే!"

"నిజంగనా బిడ్డా?"

"ఎన్నిసార్లు అడుగుతవే? పక్కింటోళ్లను గూడ పిలువు!"

అవ్వ గొంతు వణికింది. అది సంతోషం అనుకున్నాను. భయమని తరవాత తెలిసింది. ఈలోగా అక్క ఆ సంగతి చుట్టాలందరికీ పంపింది, మా పెద్దనాయిన తిండికి బయలుదేరానని జవాబు కూడా పెట్టాడు.

వాన ఎలా వచ్చిందో అలాగే ఆగింది. ఎండ ఫెళ్లున కాసింది. తుంగ పాయలుగా విడిపోయి, ముందు రెండు ముక్కు రంధ్రాలు బయటికొచ్చాయి. కొర్రమట్టకు ఇంత ముక్కా అని ఒక్క క్షణం నాకు గర్వం కూడా కలిగింది. ఆ తరవాత కొమ్ములు వచ్చాయి, చెవులు వచ్చాయి. నా పెద్ద కప్ప దాని మెడలోని పలుపుతాడుకు అందంగా వేలాడుతోంది. అది నన్ను చూసి, నెమరు వేస్తూ, బుస్సుమని ఊపిరి వదిలింది.

బావ ఫోన్ ఇంకా ఆపలేదు. అందులోంచి అవ్వ గొంతు వినపడింది.

"అయ్యో, గది ఎవలి బర్రెరా?"

నీళ్లలో బర్రెను పెట్టి బేరమాడొద్దని పెద్దలు ఊరికే అన్నారా చెప్పండి. బేరమాడిన వాళ్లు నాకంటే నయం. నేను ఏకంగా పులుసుకు చింతపండే నానబెట్టించాను.

గట్టు మీద నుంచి ఒక ముసలాయన కర్ర ఊపుతూ దిగాడు. నది అవతలి ఒడ్డు మహారాష్ట్ర, ఇటు వచ్చి స్థిరపడ్డ వాళ్లకు కోపం వస్తే మొదట మరాఠీయే వస్తుంది.

"సోడ్ రే! సోడ్! ఇడువు! నా బర్రెను ఎటు గుంజుకవోతున్నవ్ రా?"

"నేను గుంజుతలేను తాతా, అదే నన్ను గుంజుతున్నది!"

యజమాని గొంతు వినేసరికి బర్రెకు ప్రేమ పొంగింది. ఒక్క ఊపున నీళ్లలోంచి లేచి గట్టు వైపు పరుగెత్తింది. జారిపోకుండా ఉంటుందని గాలం పిడికి ఉన్న తాడును నేను మణికట్టుకు కట్టుకొని ఉన్నాను. అదీ వీడియోలోనే చూశాను. బురదలో బోర్లా పడి, తుమ్మచెట్టు దాకా బర్రె వెనకాల ప్రయాణం చేశాను. దానికి చిన్న గీత కూడా పడలేదు. నాకు రెండు మోకాళ్లూ చెక్కుకుపోయాయి, గాలం మూడు ముక్కలైంది. బావ నవ్వి నవ్వి తుమ్మచెట్టును పట్టుకున్నాడు, ముళ్లున్నాయని కూడా చూసుకోలేదు.

తాత పలుపులోంచి రబ్బరు కప్పను ఊడదీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది బాబా? గిది జూసి శాపలు రావు. శాపలు నవ్వుకుంటయ్."

నన్ను లేపి కూచోబెట్టి, తన తువ్వాలతో నా ముఖం తుడిచాడు. కోపం దిగినట్టుంది. మా వైపు చూసి అన్నాడు, "గీ జాగల ఇంతకుముందు ఒకాయన కూసుంటుండె. ఏడాదికొక్క దినం, పెత్రమాస నాడు. సైకిలు, వెదురు కట్టె. రెండేండ్ల సంది అవుపడ్తలేడు. మంచిగనే ఉన్నడో లేడో."

"మా బాపే తాతా," అన్నాను. "పోయిండు."

తాత కర్ర కింద పెట్టి నా పక్కన కూచున్నాడు. "అరెరె," అన్నాడు. "మంచోడు. నోరు వెడితే ఆపకపోతుండె. అన్ని నీ ముచ్చట్లే. మా కొడుకు నిజామాబాద్ల ఉంటడు, విత్తనాల సంగతి వాడు జెప్తే రైతులు చెయ్యెత్తి మొక్కుతరు అని."

మాట్లాడితే చేపలు పోతాయని నన్ను ఏనాడూ వెంట తీసుకురాని మనిషి, ఇక్కడికొచ్చి పూటంతా నా గురించే మాట్లాడాడట. నాకు ఏడుపొచ్చింది. బురద కడుక్కునే నెపంతో ముఖం మీద నీళ్లు చల్లుకున్నాను. ముఖం తుడుచుకొని అడిగాను.

"మరి గన్ని ముచ్చట్లు వెట్టుకుంట కొర్రమట్టలను ఎట్ల వట్టెటోడు తాతా?"

"కొర్రమట్టలా?" తాత నన్ను వింతగా చూశాడు. "నేనైతే ఒక్కటి జూడలే."

నేనూ బావా ముఖాలు చూసుకున్నాం. తాతకు వయసు మీద పడింది, మరిచిపోయి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. ఆలోచించే తీరిక కూడా లేదు, పదకొండున్నర కావస్తోంది. బండెక్కి రోడ్డు మీదికొచ్చాం. అక్కడ ఐస్ డబ్బాతో చేపలమ్మే ఒకాయన దొరికాడు. దేవుడు నా మీద దయ చూపి అతని డబ్బాలో ఒక్క కొర్రమట్టను మిగిల్చాడు. కొన్నాను. నా తెలివి అంతటితో ఆగలేదు. గాలానికి పడ్డట్టు ఉండాలని, మిగిలిన కప్ప కొక్కెంతో చేప మూతికి చిన్న గాయం పెట్టాను. కాలువలోని బురద తెచ్చి దాని ఒంటికి పూశాను.

"గంత తెలివి గాలం మీద వెడితే నిజంగనే వడుతుండె," అన్నాడు బావ.

ఇంటికి చేరేసరికి పెద్దనాయిన కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు. నేను వెనక వాకిట్లోంచి పోయి సంచి అవ్వ చేతికిచ్చాను. "బర్రె సంగతి ఇడిసిపెట్టు అవ్వా. తర్వాత అసలుది వడ్డది," అన్నాను. అవ్వ చేపను పళ్లెంలో వేసి, మూతి గాయం చూసింది, బురద చూసింది. మొప్ప ఎత్తి వేలు పెట్టింది. టింగుమని ఒక ఐస్ ముక్క పళ్లెంలో పడింది.

అవ్వ దాన్ని రెండు వేళ్లతో ఎండకు పట్టి చూసింది.

"పొద్దుగాల్నుంచి ఎండ జూసిన, వాన జూసిన, గాలి జూసిన. గోదాట్ల మంచు వడ్డది మాత్రం గిప్పుడే జూస్తున్న బిడ్డా."

బావ నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని వీధిలోకి పరుగెత్తాడు. నాకు నవ్వు రాలేదు. అక్కడే బండ మీద కూలబడ్డాను. "బాపుకు నా చేత్తోని ఒక్క శాప వెట్టలేకపోయిన అవ్వా," అన్నాను. ముప్పై రెండేళ్ల వాణ్ణి, చంటిపిల్లాడిలా ఏడ్చాను.

అవ్వ నా చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయింది. పొయ్యి మీద కొర్రమట్ట పులుసు కుతకుతా ఉడుకుతోంది. పక్కన నా భార్య లత గరిట పట్టుకొని, నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది.

"గిదేడికెళ్లి వచ్చింది?"

"అంగట్లకెళ్లి," అంది అవ్వ. "నువ్వు గాలం సర్దుకుంటుంటే కోడలు సంచి వట్టుకొని వోయింది. నేనే తోలిన. నేను ఈ ఇంటికొచ్చిన తొలి పెత్రమాసకు మా అత్త నాకు జెప్పింది, మగోడు గోదారికి వోవాలె, గది పద్ధతి. మనం అంగడికి వోవాలె, గది గూడ పద్ధతి. నోరిప్పద్దు, గది అసలు పద్ధతి."

"అంటే మా తాత గూడ పట్టలేదా?"

"మీ తాతా పట్టలే, మీ బాపూ పట్టలే."

"బాపుకు తెల్సా?"

"తెల్వకేంది? ఉత్త సంచి నా చేతుల వెట్టి, 'ఇగో, మంచిగ కడుగు' అంటుండె. 'అబ్బ, గింత పెద్దదా' అని నేనంటుంటి." అవ్వ నవ్వుతోంది. బాపు పోయాక ఆమె అలా నవ్వడం నేను చూడలేదు, కళ్ల నుంచి నీళ్లు కూడా కారుతున్నాయి. "నువ్వు ఫోన్ల దొర్కింది అంటే నా పానం వోయింది బిడ్డా. ఇన్నేండ్లల్ల ఎవలు పట్టలే. నిజంగ తెస్తే ఏం జెప్పాలె, రెండు శాపలు ఏం జేసుకోవాలె?"

ఆకులో అన్నం, పులుసు, బాపుకు ఇష్టమైన తలకాయ ముక్క పెట్టి మిద్దె మీదికి తీసుకుపోయాను. మళ్లీ సన్నగా చినుకులు మొదలయ్యాయి. కాకి రాదేమో అనుకున్నాను, ఆకు కింద పెట్టి నాలుగడుగులు వేయకముందే వచ్చి వాలింది. ఇది ఏ నీళ్ల చేప అని అడగలేదు. తలకాయ ముక్కనే ముందు ముట్టుకుంది. నా గుండె మీది బరువు దిగిపోయింది. ఐస్ చేపను సాయంత్రం వేయించారు, దాంట్లో సగం బావే తిన్నాడు.

ఇదంతా మిమ్మల్ని నమ్మి చెబుతున్నాను. మీరెప్పుడైనా మా ఇంటికి వస్తే మా కొడుకు ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి. వాడికిప్పుడు తొమ్మిదేళ్లు, వాళ్ల నాయిన గొప్ప చేపలవేటగాడని బడి అంతా చెప్పుకుంటున్నాడు. ఏటా వెంట వస్తానని ఏడుస్తాడు. లొడలొడ మాట్లాడుతవ్ బిడ్డా అని ఇంట్లోనే వదిలి పోతాను.

కాబట్టి గోదావరి తల్లి సాక్షిగా, పైనున్న మా బాపు సాక్షిగా, ఒళ్లు దగ్గర పెట్టుకొని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నీళ్లలోంచి నాలుగు దిక్కులా కనపడేదాకా ఏ ప్రాణినీ చేప అని పిలవను. ఒడ్డున పడేదాకా ఎవరికీ ఫోన్ చేయను. ప్రతి పెత్రమాసకూ క్రమం తప్పకుండా నదికి పోతాను, బర్రె తాతతో ముచ్చట్లు పెడతాను, ఎర గుచ్చకుండా గాలం వేస్తాను. ఒకవేళ ఏ తెలివితక్కువ కొర్రమట్టో ఒట్టి కొక్కేన్ని మింగి నా చేతికి వస్తే, దండం పెట్టి, క్షమాపణ చెప్పి, మళ్లీ నీళ్లలోనే వదిలేస్తాను. మూడు తరాలుగా నిష్ఠగా వస్తున్న ఆచారం నా చేతుల్లో చెడిపోవడానికి వీల్లేదు.